కార్పొరేట్ జెట్ పైలట్ జీతం ఎలా తేలుతుంది, ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది?

సంక్షిప్తంగా: బిజినెస్ జెట్ పైలట్లకు ఎయిర్‌లైన్లలో ఉన్నట్టు అందరికీ తెలిసిన జీతాల పట్టిక ఉండదు. విమానం సైజు, ఒక్కో విమానానికి ఉన్న పైలట్ల సంఖ్య, ఎయిర్‌లైన్లు ఆ సమయంలో ఇస్తున్న జీతం కలిసి దాన్ని తేలుస్తాయి. ఉద్యోగం దొరకడం మాత్రం బీమా కంపెనీ షరతుల మీద, పరిచయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. బిజినెస్ జెట్లు ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఉన్నది అమెరికాలోనే కాబట్టి ఇక్కడ ప్రధానంగా అక్కడి పరిస్థితినే పరిశీలిస్తున్నాం. భారత్ సంగతి చివర్లో ఉంది.

అమెరికాలో ఒకే మోడల్ గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ నడిపే ఇద్దరు కెప్టెన్ల జీతాల మధ్య లక్ష డాలర్ల తేడా ఉండటం వింతేమీ కాదు. అనుభవం ఒకటే, లైసెన్స్ ఒకటే, విమానం కూడా ఒకటే. ఎయిర్‌లైన్‌లో ఇలాంటి తేడాకు చోటే లేదు. ఏ విమానం, ఏ సీటు, చేరి ఎన్నేళ్లయింది అన్న మూడు సంగతులు తెలిస్తే చాలు, గంటకు ఎంతో పట్టిక చూసి చెప్పేయొచ్చు. పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లాలనుకునే కుర్రాళ్లు, అప్పు చేసి పంపడానికి సిద్ధపడే తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట 80 వేల డాలర్లు, ఇంకోచోట 3 లక్షల డాలర్లు కనిపిస్తాయి. రెండూ నిజమే కావచ్చు. అవి రెండు వేర్వేరు ఉద్యోగాల జీతాలు.

ప్రభుత్వ లెక్కలు కూడా ఈ అయోమయాన్ని తీర్చవు. అమెరికా కార్మిక గణాంక విభాగం 2024 మే లెక్కల్లో ఎయిర్‌లైన్ పైలట్ల మధ్యస్థ వార్షిక వేతనం 2,26,600 డాలర్లు, కమర్షియల్ పైలట్లది 1,22,670 డాలర్లు. ఈ రెండో గుంపులో చార్టర్ జెట్ కెప్టెన్‌తో పాటు హెలికాప్టర్ పైలట్, పొలాల మీద మందు చల్లే విమానం నడిపేవాళ్లు కూడా ఉన్నారు. అంతమందిని కలిపి తీసిన అంకె చూసి కార్పొరేట్ జెట్ జీతం ఇంత అనుకుంటే పొరపాటు పడినట్టే.

ఏ నిబంధన కింద ఎగురుతున్నారు?

ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పేది ముందుగా ఇదే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో ఎయిర్‌లైన్లు పార్ట్ 121 కిందకు వస్తాయి. విమానాన్ని అద్దెకు తిప్పే చార్టర్ కంపెనీలు పార్ట్ 135 కింద, సొంత అధికారుల ప్రయాణాల కోసం కంపెనీ ఉంచుకున్న జెట్ పార్ట్ 91 కింద ఎగురుతాయి. నెట్‌జెట్స్, ఫ్లెక్స్‌జెట్ లాంటి సంస్థలు ఒకే విమానంలో పలువురికి వాటాలు అమ్ముతాయి. వాటికోసం పార్ట్ 91లోనే 'కె' అనే ప్రత్యేక ఉపభాగం ఉంది.

విశ్రాంతి నియమాలు చూస్తే తేడా బాగా అర్థమవుతుంది. ఎయిర్‌లైన్ పైలట్ ఏ 365 రోజుల్లోనైనా 1000 గంటలకు మించి ఎగరకూడదు. అలసటను అదుపు చేసే వివరమైన నియమాలు 2014 జనవరి నుంచి అమల్లో ఉన్నాయి. ఇద్దరు పైలట్లున్న చార్టర్ విమానంలో 24 గంటల వ్యవధిలో 10 గంటలకు మించి, ఏడాదిలో 1400 గంటలకు మించి ఎగరకూడదు. ప్రతి మూడు నెలల్లో కనీసం 13 సార్లు పూర్తిగా ఒక రోజు విశ్రాంతి ఇవ్వాలి. సొంత కంపెనీ జెట్ నడిపే పార్ట్ 91 పైలట్‌కి చట్టంలో ఇలాంటి పరిమితి ఏదీ లేదు. పద్ధతైన కంపెనీలు ఐఎస్-బావో లాంటి అంతర్జాతీయ ప్రమాణాలు తీసుకుని తమ మాన్యువల్‌లో తామే పరిమితులు రాసుకుంటాయి. రాసుకోని కంపెనీలో యజమాని మాటే నియమం.

జీతంలో ఎక్కువ భాగం దేనికి?

ఒక మామూలు రోజు తీసుకుందాం. న్యూయార్క్ పక్కన టెటర్‌బోరో నుంచి ఉదయం 7 గంటలకు చికాగో ప్రయాణం. పైలట్లిద్దరూ 5 దాటగానే హ్యాంగర్‌లో ఉంటారు. వాతావరణం, ఇంధనం, విమానం చెకింగ్ ఒక పక్క. కాఫీ వేడిగా ఉందా, క్యాటరింగ్ ట్రేలు సరిగ్గా వచ్చాయా, బాస్ చదివే పేపర్ సీట్లో పెట్టామా అన్నవి ఇంకో పక్క. చాలా చిన్న విభాగాల్లో ఎయిర్ హోస్టెస్ ఉండదు. బ్యాగులు ఎక్కించడం, దింపడం, క్యాబిన్ తుడవడం పైలట్ల పనే. రెండు గంటల్లో చికాగో చేరతారు. మీటింగ్ సాయంత్రం 5కి అయిపోవాలి, 8 దాకా సాగుతుంది. అంతసేపూ పైలట్లు ప్రైవేట్ టెర్మినల్ లాంజ్‌లో ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటారు. తిరిగొచ్చి విమానం లోపల పెట్టి తాళం వేసేసరికి అర్ధరాత్రి కావస్తుంది. ఎగిరింది నాలుగు గంటల లోపు, డ్యూటీ పద్దెనిమిది గంటలు. చార్టర్ అయితే 24 గంటల్లో 10 గంటల విశ్రాంతి ఉండాలన్న షరతు వల్ల ఇలాంటి రోజు నడవదు. పార్ట్ 91లో చట్టబద్ధమే.

ఎయిర్‌లైన్ జీతం గంటల లెక్క. నెలకు ఇన్ని గంటలకు తగ్గకుండా అన్న హామీ ఉంటుంది, అంతకు మించితే అదనం. కార్పొరేట్ పైలట్ ఏడాదికి మూడు నాలుగు వందల గంటలు మాత్రమే ఎగిరే విభాగాలు చాలా ఉన్నాయి. అక్కడ కూడా గంటల లెక్కన జీతమిస్తే పైలట్లంతా ఎయిర్‌లైన్లకు వెళ్లిపోతారు. అందుకే ఇక్కడ నెల జీతం, ఏడాది చివర బోనస్ పద్ధతి నడుస్తుంది. కంపెనీ కొనేది ఆ ఇద్దరి సమయం. ఆదివారం మధ్యాహ్నం పెళ్లి భోజనంలో కూర్చున్నవాణ్ణి పిలిచినా రెండు గంటల్లో విమానం దగ్గర ఉండాలి.

కాబట్టి జీతం అంకె కన్నా ముందు అడగాల్సింది, ఒక్కో విమానానికి ఎంతమంది పైలట్లు ఉన్నారని. ఒక జెట్‌కి ఇద్దరే ఉంటే ఇద్దరూ ఏడాది పొడవునా పిలుపుకి సిద్ధంగా ఉండాల్సిందే, సెలవు అనేది యజమాని ప్రయాణాల మధ్య దొరికే ఖాళీ మాత్రమే. ముగ్గురో నలుగురో ఉంటే ముందే రాసిపెట్టిన సెలవు రోజులు సాధ్యమవుతాయి. ఆ రోజుల్లో ఫోన్ ఎత్తకపోయినా ఎవరూ తప్పు పట్టరు. 2 లక్షల డాలర్లతో ఇద్దరున్న విభాగం కన్నా 1.8 లక్షలతో నలుగురున్న విభాగం మంచి ఉద్యోగమని పాత పైలట్లు ఊరికే అనరు. వాటాల కంపెనీలు మనుషుల్ని ఆకర్షించేది కూడా ఇక్కడే. ఏడు రోజులు డ్యూటీ, ఏడు రోజులు ఇల్లు లాంటి స్థిరమైన షెడ్యూల్ ఇస్తాయి, ఇంటికి దగ్గర్లోని విమానాశ్రయం నుంచే పని మొదలుపెట్టనిస్తాయి.

ఇక విమానం సైజు. చిన్న సైటేషన్ లేదా ఫెనామ్ కెప్టెన్ కన్నా పెద్ద గల్ఫ్‌స్ట్రీమ్, గ్లోబల్, ఫాల్కన్ కెప్టెన్‌కి చాలా ఎక్కువ ఇస్తారు. సముద్రాలు దాటే ప్రయాణాల అనుభవం ఒక కారణం. పెద్ద జెట్ ఖరీదు 6, 7 కోట్ల డాలర్లు ఉంటుంది కాబట్టి దాని నిర్వహణ ఖర్చులో పైలట్ జీతం పెంపు పెద్దగా కనిపించకపోవడం ఇంకో కారణం. చిన్న జెట్ యజమానికి ప్రతి పది వేల డాలర్లూ లెక్కే.

ఎయిర్‌లైన్లు పెంచితే ఇక్కడా పెంచక తప్పలేదు

గత కొన్నేళ్ల జీతాల పెరుగుదలకు మూలం కార్పొరేట్ రంగంలో లేదు. 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన చట్టంతో 2013 నుంచి ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి కూడా సాధారణంగా 1500 గంటల అనుభవం తప్పనిసరైంది. మిలిటరీ నుంచి వచ్చినవాళ్లకు, ఏవియేషన్ డిగ్రీ చేసినవాళ్లకు కొంత సడలింపు ఉంది. కొత్త పైలట్లు వచ్చే దారి సన్నబడింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పెద్ద ఎయిర్‌లైన్లు వేలమంది సీనియర్లకు ముందస్తు రిటైర్మెంట్ ఇచ్చి పంపేశాయి. ప్రయాణికులు అనుకున్నదానికన్నా త్వరగా తిరిగొచ్చారు. అదే సమయంలో డబ్బున్నవాళ్లు రద్దీకి భయపడి ప్రైవేట్ జెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. ఒకే పైలట్ కోసం రెండు రంగాలు పోటీ పడ్డాయి.

ఫలితం 2023లో కనిపించింది. డెల్టా పైలట్ల ఒప్పందం మార్చిలో ఖరారై 34 శాతానికి పైగా పెంపు తెచ్చింది. యునైటెడ్‌లో అదే ఏడాది సెప్టెంబర్‌లో 40 శాతం దాకా పెంపు ఖాయమైంది. 2024 జనవరిలో సౌత్‌వెస్ట్ 50 శాతం దాకా వెళ్లింది. ఇవి కొన్నేళ్ల కాలానికి కలిపి చెప్పే అంకెలు. అయినా అప్పటిదాకా 'మాది ప్రశాంతమైన ఉద్యోగం, మీకు ఇల్లు దగ్గర' అని పైలట్లను నిలుపుకుంటూ వచ్చిన కార్పొరేట్ విభాగాలకు ఆ మాట సరిపోవడం మానేసింది. వార్షిక ఇంక్రిమెంట్ కోసం ఆగకుండా ఏడాది మధ్యలోనే జీతాలు సవరించడం, రెండు మూడేళ్లు ఉంటే ఇంత అని నిలుపుదల బోనస్ ప్రకటించడం మామూలైపోయింది. నెట్‌జెట్స్‌లో పైలట్ల యూనియన్ 2023 అంతా బహిరంగంగా పోరాడి 2024లో కొత్త ఒప్పందం సాధించుకుంది. యూనియన్ ఉన్న బిజినెస్ జెట్ సంస్థలు చాలా తక్కువ కాబట్టి అక్కడి ఒప్పందాన్ని మిగతా కంపెనీలు కొలబద్దగా చూస్తాయి.

అయితే అందరూ ఎయిర్‌లైన్లకు వెళ్లలేదు. అడ్డుపడేది సీనియారిటీ. 48 ఏళ్ల గల్ఫ్‌స్ట్రీమ్ కెప్టెన్ ఎయిర్‌లైన్‌లో చేరితే లిస్టులో చిట్టచివర నిలబడాలి. కుడివైపు కో-పైలట్ సీటు, పండుగ రోజు డ్యూటీలు, మొదటి ఏడాది జీతం. ఎయిర్‌లైన్ పైలట్ 65 ఏళ్లకు దిగిపోవాల్సిందే. దాన్ని 67 చేయాలన్న ప్రతిపాదన 2024 చట్టంలో నిలబడలేదు. అంటే మిగిలింది 17 ఏళ్లు. 30 ఏళ్లవాడికి ఈ లెక్క ఎయిర్‌లైన్ వైపు తేలుతుంది, 55 ఏళ్లవాడికి తేలదు. కార్పొరేట్ జీతాల పెంపు కూడా దీన్నే అనుసరించింది. వెళ్లిపోయే అవకాశం ఎక్కువున్న ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లకే ఒత్తిడి పెట్టి అడిగే బలం దొరికింది.

ఎదురు దిశలో కూడా ఒక ప్రవాహం ఉంది. సొంత కంపెనీ జెట్‌కి, సాధారణ చార్టర్‌కి అమెరికా చట్టంలో పైలట్ వయోపరిమితి లేదు. మరీ పెద్ద చార్టర్, వాటాల ఆపరేటర్లకు మాత్రం 2022 డిసెంబర్ చట్టం 70 ఏళ్ల హద్దు పెట్టడానికి వీలిచ్చింది. కాబట్టి 65కి ఎయిర్‌లైన్ నుంచి దిగిన కెప్టెన్లు కొందరు ఇటు వస్తారు. పెన్షన్ ఉన్నవాళ్లు తక్కువ జీతానికీ ఒప్పుకుంటారు. జీతాలు మరీ ఎగబాకకుండా ఆపేవాటిలో ఇదొకటి.

ఊపు ఎప్పుడూ ఒకేలా లేదు. హోండా జెట్లతో వాటాల వ్యాపారం చేసిన జెట్ ఇట్ 2023 మేలో మూతపడింది. ప్రైవేట్ జెట్ సంస్థ వీల్స్ అప్ దివాలా అంచుకు చేరితే డెల్టా, దాని భాగస్వాములు 50 కోట్ల డాలర్లతో ఆదుకున్నారు. 2024లో ఎయిర్‌లైన్ల నియామకాలు కూడా నెమ్మదించాయి, స్పిరిట్ తన పైలట్లలో కొందరిని పక్కన పెట్టింది. ఆ తర్వాత జీతాలు తగ్గలేదు గానీ నిలుపుదల బోనస్‌లో బేరం చేసే బలం పలచబడింది. కొత్త జెట్ల గిరాకీని పన్ను చట్టం కూడా కదిలిస్తుంది. వ్యాపారానికి కొన్న విమానం ఖరీదు మొత్తాన్ని మొదటి ఏడాదే తరుగుదలగా చూపించుకునే వీలు 2017 చట్టంతో వచ్చింది. 2023 నుంచి ఏటా తగ్గుతూ వచ్చిన ఆ వెసులుబాటును 2025 జులై చట్టం మళ్లీ నూరు శాతానికి తెచ్చింది. విమానం కొన్న ప్రతి కంపెనీకీ పైలట్లు కావాలి.

బీమా కంపెనీ గీసే గీత

చట్టం ప్రకారం చార్టర్ జెట్‌లో కో-పైలట్‌కి కమర్షియల్ లైసెన్స్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఉంటే చాలు, అంటే దాదాపు 250 గంటల పైలట్ కూడా కూర్చోవచ్చు. ప్రయాణికులతో వెళ్లే జెట్‌కి కెప్టెన్ కావాలంటే ఏటీపీ, అంటే అన్నిటికన్నా పై స్థాయి పైలట్ లైసెన్స్ ఉండాలి. వాస్తవంలో గీత గీసేది బీమా కంపెనీ. మొత్తం ఇన్ని గంటలు, జెట్‌లో ఇన్ని, ఈ మోడల్‌లో ఇన్ని అని పాలసీలోనే రాస్తుంది. ఆ అంకెకు తగ్గితే ప్రీమియం పెరుగుతుంది, లేదా ఆ పేరునే ఒప్పుకోదు. అందుకే ప్రకటనల్లో 'టైప్డ్ అండ్ కరెంట్' అనే మాట పదేపదే కనిపిస్తుంది. ఆ మోడల్‌కి టైప్ రేటింగ్, అంటే ఆ విమానం నడిపే ప్రత్యేక అర్హత ఉండాలి, గత ఏడాదిలోపు సిమ్యులేటర్ శిక్షణ పూర్తయి ఉండాలి.

ఇక్కడే చిక్కుముడి. టైప్ రేటింగ్ లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే రేటింగ్ ఖర్చు పెట్టేవాళ్లు ఉండరు. పెద్ద జెట్ల శిక్షణ పదుల వేల డాలర్లవుతుంది. ఫ్లైట్‌సేఫ్టీ, సీఏఈ అనే రెండు సంస్థల చేతుల్లోనే ఎక్కువ సిమ్యులేటర్లు ఉన్నాయి. కంపెనీ ఖర్చు పెడితే బాండ్ రాయించుకుంటుంది. ఏడాది, రెండేళ్లలోపు మానేస్తే మిగిలిన భాగం కట్టాలి. ఈ బాండ్‌లో చూడాల్సిన సంగతి, కంపెనీయే విమానం అమ్మేసి పంపించేస్తే డబ్బు ఎవరు కట్టాలన్నది. కొన్ని పత్రాల్లో దాని ఊసే ఉండదు, ఆ ఖాళీ పైలట్ మెడకు చుట్టుకుంటుంది.

పైలట్ ఎవరైనా సెలవు పెడితే రోజువారీ లెక్కన వచ్చే కాంట్రాక్ట్ పైలట్ల మార్కెట్ కూడా దీని పక్కనే నడుస్తుంది. పెద్ద జెట్ రేటింగ్ ఉన్న కెప్టెన్ రోజుకు వెయ్యి డాలర్ల పైన అడగడం మామూలే. ఆరోగ్య బీమా, పెన్షన్, శిక్షణ ఖర్చు తనవే. చాలా శాశ్వత ఉద్యోగాలు ఇలా నాలుగైదు ట్రిప్పులు కలిసి ఎగిరిన తర్వాతే ఖాయమవుతాయి.

పరిచయం బరువు అక్కడి నుంచే వస్తుంది. నలుగురే ఉన్న విభాగంలో, యజమాని కుటుంబంతో రోజూ ముఖాముఖి ఉండే ఉద్యోగంలో మనిషి స్వభావం ముఖ్యమే. ఎక్కువ ఖాళీలు ప్రకటన దాకా రాకుండా ఫోన్లలోనే నిండిపోతాయి. కొత్తవాళ్లకు, ఈ వలయానికి బయట పెరిగినవాళ్లకు ఇది నిజంగా అన్యాయమే. దీనికి భద్రతాపరమైన మూల్యం కూడా ఉంది. 2014 మే 31న మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్-4 టేకాఫ్‌లో కూలి ఏడుగురు చనిపోయారు. కంట్రోళ్లను గాలికి కదలకుండా బిగించే లాక్ తీయకుండానే ఇద్దరు పైలట్లు టేకాఫ్ పరుగు మొదలుపెట్టారు. విమానం డేటా తీసి చూస్తే అంతకుముందు 175 టేకాఫ్‌లలో 98 శాతంలో కంట్రోళ్ల తనిఖీ పూర్తిగా చేయలేదని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఏళ్ల తరబడి కలిసి ఎగిరిన జంట అది. మూడో మనిషి వచ్చి కూర్చుని ఉంటే మొదటి రోజే అడిగి ఉండేవాడు.

మూడేళ్లకు, 2017 మేలో టెటర్‌బోరో దగ్గర లియర్‌జెట్ కూలి పైలట్లిద్దరూ చనిపోయారు. విమానం నడపడానికి కంపెనీ నియమాల ప్రకారం అనుమతి లేని స్థాయి కో-పైలట్‌కి కెప్టెన్ కంట్రోళ్లు అప్పగించాడు. ప్రయాణికులు లేని ఖాళీ ట్రిప్పు అది. అనుభవం లేనివాణ్ణి తీసుకోవడం తప్పు కాదు. తీసుకున్నాక శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వకుండా సీటు నింపడమే తప్పు.

ముందు అమ్మేది విమానాన్నే

2008 నవంబర్‌లో జీఎం, ఫోర్డ్, క్రిస్లర్ అధినేతలు ప్రభుత్వ సాయం అడగడానికి ప్రైవేట్ జెట్లలో వాషింగ్టన్ వెళ్లి సెనేటర్ల చేత, కాంగ్రెస్ సభ్యుల చేత తిట్లు తిన్నారు. ఆ తర్వాత నెలల్లో కంపెనీలు వరసగా జెట్లు వదిలించుకున్నాయి. 2009 జనవరిలో సిటీగ్రూప్ ఒక ఫాల్కన్ ఆర్డర్ వదులుకుంది. పైలట్ల పనితీరుకు దీనితో సంబంధమే లేదు. ఎయిర్‌లైన్‌లో ఉద్యోగాలు తీసేసినా సీనియారిటీ ప్రకారం తిరిగి పిలుస్తారు. మూసేసిన కార్పొరేట్ విభాగానికి తిరిగి పిలిచే లిస్టు ఉండదు. కార్పొరేట్ జీతం కొంత ఎక్కువ ఉండాలన్న వాదనకు ఇదే గట్టి ఆధారం.

భారత్‌లో

ఇక్కడ అద్దె జెట్లు నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ కింద, సొంత జెట్లు ప్రైవేట్ కేటగిరీ కింద మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పర్యవేక్షణలో నడుస్తాయి. ఢిల్లీ, ముంబై తర్వాత హైదరాబాద్ కూడా ఈ రంగంలో కనిపిస్తుంది. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేట నుంచి ఎయిర్‌లైన్లు వెళ్లిపోయాయి గానీ వీఐపీ విమానాలు, ప్రైవేట్ విమానాలు అక్కడ దిగుతూనే ఉన్నాయి. ఎన్నికలొస్తే నాయకుల ప్రచారానికి జెట్లు, హెలికాప్టర్ల గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది, పోలింగ్ అయ్యాక పడిపోతుంది. అందుకే ఆపరేటర్లు శాశ్వత సిబ్బందిని పెంచుకోవడానికి వెనకాడతారు.

అమెరికాలో లాగే ఇక్కడా పోటీ ఎయిర్‌లైన్ల నుంచే. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చాయి. పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచిన కొత్త డ్యూటీ నియమాలు 2025లో అమల్లోకి రావడంతో ఉన్న విమానాలకే ఎక్కువమంది కావాల్సి వచ్చింది. అయితే మన దగ్గర ఒక ప్రత్యేకత ఉంది. 2017 నియమం ప్రకారం ఎయిర్‌లైన్ కెప్టెన్ మానేయాలంటే ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. వచ్చే నెలలో జెట్ చేతికి రాబోతున్న వ్యాపారవేత్త ఏడాది ఆగలేడు. కాబట్టి వైమానిక దళం నుంచి రిటైరైనవాళ్లు, వేరే చార్టర్ కంపెనీలో ఉన్నవాళ్లే ముందు గుర్తొస్తారు.

200 గంటల సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్)తో బయటికొచ్చిన కొత్త పైలట్‌కి ఇక్కడ దారి ఇంకా కష్టం. బిజినెస్ జెట్ల సిమ్యులేటర్లు ఎక్కువగా విదేశాల్లోనే ఉన్నాయి, ఆ శిక్షణ సొంత డబ్బుతో చేసుకుని రమ్మని అడిగే ఆపరేటర్లు ఉన్నారు. లైసెన్స్‌కి అప్పటికే అరకోటి దాకా పెట్టిన కుటుంబం మీద ఇది రెండో అప్పు. ఏ ఒక్క మోడల్‌కో పెట్టిన ఆ రేటింగ్ ఆ మోడల్ జెట్లు దేశంలో పట్టుమని పది లేకపోతే వేరే చోట పనికిరాదు. సంతకం పెట్టే ముందు దేశంలో ఆ మోడల్ విమానాలు ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గర ఉన్నాయో తెలుసుకోవడం అత్యవసరం.

అమెరికా వెళ్లి ట్రైనింగ్ చేసే తెలుగు విద్యార్థుల్లో చాలామంది ఎం-1 వీసా మీద ఉంటారు. శిక్షణ తర్వాత కొద్దికాలం ప్రాక్టికల్ ట్రైనింగ్ మినహా అది ఉద్యోగానికి దారి కాదు. అక్కడి ఆపరేటర్లు దాదాపు అందరూ పని చేసే హక్కు ఉన్నవాళ్లనే, అంటే పౌరులను, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లనే తీసుకుంటారు. తిరిగొచ్చినవాళ్లు ఎఫ్ఏఏ లైసెన్స్‌ను భారత లైసెన్స్‌గా మార్చుకోవాలి. దానికి ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ లాంటి డీజీసీఏ పరీక్షలు, క్లాస్ 1 మెడికల్ పూర్తి చేయాలి. చాలామంది కుటుంబాలు ఫీజు కట్టేటప్పుడు ఈ నెలల వ్యవధినీ, ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవడం లేదు.